సంక్రాంతి సెలవుల్లో సూర్యలంక ఒడ్డున గాలం: సీసం నిలవదు, జెల్లలు తప్ప పడవు

కొత్తగాలం అడిగారు:

చెరువు గాలం అలవాటే కానీ సముద్రం ఒడ్డు నుంచి వేయడం కొత్త. పండక్కి బాపట్ల వస్తున్నాం, ఒక రోజు సూర్యలంకలో పెట్టాలని ఉంది. నా సామాను: 12 అడుగుల టెలిస్కోపిక్ రాడ్ (మీద 100–200 గ్రా. అని రాసుంది), 6000 సైజు రీలు, 0.35 మి.మీ. తంగూసు (నైలాన్ దారం) 250 మీటర్లు, 80 గ్రాముల గుండ్రటి సీసం గుండ్లు, 1/0 గాలాలు. ఎర చెరువు రొయ్య, తొక్క వలిచి గుచ్చుతున్నా. వేసేది పొద్దున 9 నుంచి మధ్యాహ్నం దాకా.

ఇప్పటిదాకా ఒడ్డు నుంచి వేసినప్పుడు వచ్చిన తలనొప్పులు ఇవి. సీసం ఐదు నిమిషాల్లో పక్కకి కొట్టుకుపోయి ఒడ్డెక్కేస్తోంది. గట్టిగా విసిరితే తంగూసు తెగి సీసం ఒక్కటే ఎగిరిపోతోంది. ఎర ఉత్తినే మాయమవుతోంది. పడితే జెల్ల, లేదంటే అదీ లేదు. 60 మీటర్లకి మించి పోవట్లేదు. 100 మీటర్లు దాటాలంటే రాడ్ మార్చాలా? మాగ గానీ గొరక గానీ పడే దారి చెప్పండి.

పోటుపాటు సమాధానం:

రాడ్ మార్చొద్దు. 60 మీటర్లు ఎక్కువే, తక్కువ కాదు. మీరు మార్చాల్సింది గడియారం.

ముందు పోటు లెక్క. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నిండు పోటు దాదాపు పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వస్తుంది, మళ్లీ రాత్రి అదే వేళకి. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి అష్టమి వచ్చేసరికి నిండు పోటు మధ్యాహ్నం రెండు, మూడుకి పడుతుంది. పైగా అష్టమి నాడు నీరు ఎక్కి దిగేది అర మీటరు చిల్లర, అమావాస్యకి మీటరున్నర దాకా. అంటే పెద్ద పోటు రోజుల్లో నీరు ఎక్కే సమయమూ, తెల్లవారుజాము వెలుగూ ఒకేసారి కలిసొస్తాయి. సరిగ్గా ఆ రెండు గంటలే చేప ఒడ్డుకి వచ్చే వేళ. మీరు 9 గంటలకి మొదలుపెడితే నీరు దిగడం మొదలవుతుంది, ఎండ నెత్తికెక్కుతుంది. పండక్కి ముందు పంచాంగంలో తిథి చూసుకుని, ఆ రోజు టైడ్ టేబుల్‌తో (పోటు వేళల పట్టికతో) సరిపోల్చుకోండి. నిండు పోటుకి రెండున్నర గంటల ముందు ఎర నీళ్లలో ఉండాలి. పోటు నిండాక ఇంకో గంట, తర్వాత సర్దేయొచ్చు.

చలికాలంలో ఇంకో లాభం ఉంది. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, మీ వీపు మీదుగా. అల అణుగుతుంది, విసిరిన సీసానికి ఊపు తోడవుతుంది. పది దాటాక గాలి తిరిగి మొహానికి కొడుతుంది. మీ 60 మీటర్లు అప్పుడు 45 అవుతాయి, దారం విల్లులా వంగి సీసాన్ని లాగేస్తుంది. సీసం నిలవకపోవడానికి సగం కారణం ఇదే.

ఇక ఎక్కడ వేయాలన్నది. సూర్యలంక ఒడ్డు చాలా పల్చటి వాలు. ముందు రోజు ఆటు వేళ, అంటే పెద్ద పోటు రోజుల్లో మధ్యాహ్నం రెండు మూడింటికి, ఒట్టి చేతులతో ఒడ్డెంట ఒక కిలోమీటరు నడవండి. అల తెల్లగా విరిగే చోట కింద ఇసుక తిన్నె ఉంటుంది. తిన్నెకీ ఒడ్డుకీ మధ్య అల విరగకుండా, కాస్త ముదురు రంగులో నునుపుగా కనిపించే పట్టీ పల్లం. ఆటులో అక్కడ మోకాలి లోతే ఉండొచ్చు. అదే చోట పోటులో ఛాతీ లోతు వస్తుంది, మాగ దాంట్లోనే ఒడ్డుకి సమాంతరంగా తిరుగుతుంది. పల్లం ఎక్కువగా ఒడ్డుకి 25–50 మీటర్ల లోపే ఉంటుంది. 100 మీటర్లు విసిరితే ఎర తిన్నె నెత్తిన పడుతుంది. అక్కడ ఇసుక మరగడం తప్ప ఇంకేమీ ఉండదు.

తిన్నెకి గండి పడిన చోటు కూడా గుర్తు పెట్టుకోండి. రెండు పక్కలా అల విరుగుతూ మధ్యలో ఒక్కచోట విరగకుండా, నురగా చెత్తా లోపలికి పోతుంటే అది గండి. చేప దాని అంచున కాపు కాస్తుంది. ఎర గండికి ఒక పక్కన పడాలి. కానీ మీరు మాత్రం ఆ నీళ్లలో కాలు పెట్టకూడదు, మనుషుల్ని లోపలికి లాగేసే ప్రవాహం అదే. ఆ రెండు మూడు చోట్లకి ఎదురుగా ఒడ్డు మీద కర్ర పాతి గుర్తు పెట్టుకుంటే తెల్లారి చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

తంగూసుబండి సమాధానం:

పై మాటకి ఎదురులేదు. సామాను విషయం నేను చెప్తా.

సీసం ఎగిరిపోవడం చిన్న సంగతి కాదు బ్రదర్. పండగ రోజు బీచ్ నిండా పిల్లలుంటారు, తెగి ఎగిరిన 80 గ్రాముల సీసం తలకి తగిలితే ప్రాణం మీదకొస్తుంది. 0.35 మి.మీ. తంగూసు 8 కిలోల దాకా ఆగుతుంది. విసిరే కుదుపుకి అది చాలదు. ముందు భాగాన లావు దారం, అంటే షాక్ లీడరు ఉండి తీరాలి. లెక్క ఏమిటంటే ప్రతి 28 గ్రాముల సీసానికి నాలుగున్నర కిలోల బలం. 125 గ్రాముల సీసానికి 20 కిలోలు, అంటే సుమారు 0.70 మి.మీ. మోనో (ఒంటి పోగు తంగూసు). పొడవు రాడ్‌కి రెండింతలు, పైన స్పూలు (రీలు మీద దారం చుట్టుకునే కండె) మీద ఐదారు చుట్లు: మీ 12 అడుగులకి ఎనిమిదిన్నర, తొమ్మిది మీటర్లు. విసిరే క్షణంలో ముడి స్పూలు మీదే ఉండాలి, వేలికీ సీసానికీ మధ్య గాల్లో ఉండకూడదు. పొట్టి లీడరు కట్టి "అయినా తెగింది" అనేవాళ్లు చేసే తప్పు ఇదే.

ముడి: రెండు దారాలకీ ఎదురెదురుగా యూనీ ముడి. సన్న దారంతో ఆరేడు చుట్లు, లావు దారంతో మూడు. బిగించే ముందు ఉమ్మి తడి చేయండి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే పాడై, మూడో విసురుకి తెగుతుంది.

లీడరు ఉన్నా తెగుతోందంటే ఈ మూడు చూడండి. టెలిస్కోపిక్ రాడ్‌లో రింగులు ఒకే వరసలో లేకపోతే దారం మెలిక పడుతుంది. పొద్దున ఒకసారి సరిచేస్తే సరిపోదు, పది విసుర్లకోసారి చూడాలి. రింగు లోపలి పింగాణీ వలయంలో పగులు: ఒక దూది ఉండ రింగుల్లోంచి లాగండి, పీచు చిక్కుకున్న రింగు దారాన్ని కోస్తోందని అర్థం. మూడోది, విసురు మధ్యలో బెయిల్ తీగ (రీలు మీద దారాన్ని పట్టి చుట్టే తీగ) దానంతటదే మూసుకోవడం. రీలు హ్యాండిల్ కాస్త ముందుకి తిప్పి, అది మూసుకునే చోటు దాటించి అప్పుడు విసరండి. విసిరేటప్పుడు డ్రాగ్ (స్పూలు ఎంత బిగువుగా తిరగాలో పెట్టే మర) పూర్తిగా బిగించాలి, లేకపోతే స్పూలు జారి వేలు కోసుకుంటుంది.

సీసం నిలవకపోవడానికి మిగతా సగం కారణం గుండ్రటి ఆకారం. గోళీ ఇసుక మీద ఎందుకాగుతుంది? నాలుగు పలకల పిరమిడ్ సీసం 110–125 గ్రాములది కొనండి, కొనదేరిన వైపు ఇసుకలోకి దిగి కూర్చుంటుంది. లాగుడు ఎక్కువున్న రోజున కాళ్లున్న సీసం, అంటే నాలుగు స్టీలు తీగలు బయటికి వంగి ఉండేది. అది పడ్డాక వెంటనే బిగించకూడదు. నాలుగైదు మీటర్ల దారం వదిలి, అప్పుడు మెల్లగా బిగిస్తే తీగలు ఇసుకలో దిగుతాయి. నవంబరు, డిసెంబరుల్లో తీరం వెంట నీరు ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, ఫిబ్రవరి తర్వాత తిరగబడుతుంది. జనవరిలో ఏ రోజుకారోజే. ఒక కొబ్బరి పీచు ముక్క నీళ్లలో వేసి ఎటు పోతుందో చూస్తే చాలు.

రాడ్ మీద 200 గ్రాములని రాసుంది కదా అని 200 కట్టొద్దు. మామూలు టెలిస్కోపిక్‌కి ఎరతో కలిపి 130 దాటితే నడుము దగ్గర విరగొచ్చు.

రెండు రకాల కట్టు నేర్చుకుంటే ఈ ఒడ్డుకి చాలు. మాగకి జారుడు కట్టు: లీడరు మీద జారే క్లిప్పు, దానికి సీసం, కింద ఒక పూస, పూస కింద స్వివెల్ (దారం మెలిక పడకుండా తిరిగే కడియం), స్వివెల్ నుంచి 45 సెం.మీ. 0.50 మి.మీ. దారం, చివర 3/0 సర్కిల్ గాలం (కొన లోపలికి వంగి ఉండేది). చలికాలం నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి ఈ దారం 60 సెం.మీ. చేసినా మంచిదే, కాకపోతే విసిరేటప్పుడు చిక్కు పడే అవకాశం పెరుగుతుంది. చేప లాగితే దారం సీసంలోంచి జారుతుంది, బరువు తెలీదు, ఎర వదలదు. గొరకకీ, మార్కెట్లో లేడీఫిష్ అని అమ్మే, తమిళులు కిళంగాన్ అనే సన్నటి వెండి చేపకీ కొమ్మల కట్టు: సీసం అట్టడుగున, దాని పైన మీటరు దారంలో 40 సెం.మీ. ఎడంగా రెండు కొమ్మలు, ఒక్కోటి 15–20 సెం.మీ., గాలం 4 లేదా 6 నంబరు (1/0 కంటే చిన్నవి). మీ 1/0 వాటి నోటికి పెద్దది. ఎర పోతూ చేప పడకపోవడానికి అదొక కారణం.

సర్కిల్ గాలంతో ఒక్క జాగ్రత్త: చెరువులోలా కొట్టకండి. రాడ్ వంగాక రీలు తిప్పుతూ బరువు ఎక్కించండి, నోటి మూలలో అదే గుచ్చుకుంటుంది. గుంజితే ఊడొస్తుంది.

రొయ్యలరేవు సమాధానం:

చెరువు రొయ్యని తొక్క తీసి వేస్తే పీతలకి విందు పెట్టినట్టే. చెరువుల్లో పెంచే ఈ వెనామీ రకం కండ మెత్తన, విసురుకే సగం ఊడిపోతుంది. తొక్క ఉంచండి. తల, తోక చివరి రెక్క మాత్రం తుంచి, తోక వైపు నుంచి గాలం దూర్చి కండ పొడవునా లాగండి, ముల్లు బయటికి కనబడాలి. టైలర్లు వాడే సన్న ఎలాస్టిక్ దారం పదిహేను చుట్లు చుట్టి తెంపేయండి, ముడి అక్కర్లేదు. సముద్రపు రొయ్య దొరికితే ఇంకా గట్టిగా ఉంటుంది.

కవళ్లు (సార్డీన్ చేపలు), స్క్విడ్ కూడా పనికొస్తాయి. కవళ్లని ముందు రోజు ఉప్పులో పెట్టాలి: కిలోకి 300 గ్రాముల కల్లుప్పు, డబ్బాలో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు, ఫ్రిజ్‌లో ఒక రాత్రి. ఊరిన నీళ్లు వంపేస్తే కండ తోలులా గట్టిపడుతుంది. వేలెడంత పట్టీలుగా కోసి, చర్మం వైపు నుంచి రెండుసార్లు గుచ్చండి. స్క్విడ్ పట్టీ విడిగా వేస్తే వాసన తక్కువ. రొయ్య కింద అస్తరులా చుడితే రొయ్య ఊడదు.

అన్నిటికంటే మంచి ఎర అక్కడే ఉంటుంది, డబ్బు పెట్టనక్కర్లేదు. అల వెనక్కి పోతున్నప్పుడు తడి ఇసుకలోకి చటుక్కున దూరే గుడ్డు ఆకారపు చిన్న పీతలుంటాయి. నీరు జారిన చోట ఇసుక మీద చిన్న వీ ఆకారపు గీతలు కనబడితే అవి మీసాలు బయటపెట్టి కూర్చున్నాయని లెక్క. రెండు చేతులతో దోసెడు ఇసుక తవ్వితే దొరుకుతాయి. తడి ఇసుకలో ఉంచాలి, బకెట్ నీళ్లలో వేస్తే చస్తాయి.

ఎర ఎంతసేపు ఉంచాలి? 15–20 నిమిషాలు. ఆ పైన కడిగిన గుడ్డలా వాసన పోతుంది. ఐదు నిమిషాల్లోనే గాలం ఉత్తదై వస్తుంటే పీతలు. గాలానికి అరచెయ్యి దూరంలో బఠాణీ గింజంత బెండు ముక్క గుచ్చండి, ఎర ఇసుకకి పైన తేలుతుంది, పీతకి అందదు. జెల్లలూ తగ్గుతాయి, ఎందుకంటే జెల్ల మీసాలతో నేల తడుముతూ వాసన పట్టి తింటుంది. కుళ్లు వాసన రొయ్య, మట్టి నీరు, కదలని ఎర: ఈ మూడూ కలిస్తే జెల్లకి పిలుపే. నీరు ఎక్కుతున్నప్పుడు, తేటగా ఉన్నచోట, తాజా ఎరతో వేస్తే మిగతా చేపలకి వంతు వస్తుంది.

మిగిలిన రొయ్యని దయచేసి కాలువలో, డ్రెయిన్లో పారేయకండి. చుట్టూ రొయ్య చెరువులున్నాయి, రొయ్యలకి సోకే తెల్లమచ్చ వైరస్ ఫ్రిజ్‌లో పెట్టినా చావదు. గొయ్యి తీసి పూడ్చేయండి.

కొత్తగాలం:

చాలా థాంక్స్ అన్నా. రెండు చిన్న ప్రశ్నలు. బ్రెయిడ్ దారం (సన్న పోగులు అల్లినది) వేస్తే దూరం పెరుగుతుందంటారు, వేయనా? ఇంకోటి, అక్కడ పండుగప్ప పడుతుందా?

తంగూసుబండి:

దూరం పెరుగుతుంది కానీ ఈ ఒడ్డుకి మొదటి ఏడాది వద్దు. బ్రెయిడ్ సాగదు, అల కొట్టిన ప్రతిసారీ ఆ కుదుపు నేరుగా సీసానికి చేరి ఇసుకలోంచి పీకేస్తుంది. ఎదురుగాలిలో కాస్త వదులుగా చుట్టుకుంటే పిచ్చుక గూడంత చిక్కు. వేలు కూడా కోస్తుంది. వేస్తే గనక సైకిల్ ట్యూబు ముక్క వేలికి తొడుక్కోవాలి, లీడరుకి ఎఫ్‌జీ ముడి నేర్చుకోవాలి. మోనో సాగుతుంది, ఆ సాగుడే కొత్తవాళ్ల తప్పుల్ని కాస్తుంది.

పోటుపాటు:

బ్రెయిడ్ మీద నేను ఒప్పుకోను. 0.20 మి.మీ. బ్రెయిడ్ సన్నగా ఉంటుంది కాబట్టి ప్రవాహం పట్టుకోవడానికి చోటు తక్కువ. లాగుడు ఉన్న రోజున మోనో కంటే తేలిక సీసంతోనే నిలుస్తుంది. కాకపోతే రాడ్ నిటారుగా, ఎత్తుగా పెట్టి దారం మొదటి అల మీదుగా పోయేలా చూడాలి. కొత్తగాలం గారి రాడ్‌కి స్టాండ్ లేదనుకుంటా, అందుకని ఈసారికి మోనోయే.

స్టాండ్ కొననక్కర్లేదు. రెండంగుళాల పీవీసీ పైపు నాలుగడుగులు తీసుకుని ఒక కొస ఏటవాలుగా కోయండి. పై కొసకి 40 సెం.మీ. కింద అడ్డంగా ఒక బోల్టు బిగిస్తే రాడ్ మడమ దాని మీద ఆగుతుంది. ఇసుకలో అడుగున్నర దిగాలి. తడి ఇసుకలో పాతండి, పొడి ఇసుకలో ఒరుగుతుంది. రాడ్ స్టాండ్‌లో పెట్టగానే డ్రాగ్ సడలించాలి. టేకు చేప (తోకలో ముల్లుండే చప్పటి చేప) పట్టుకుని పోతే పైపుతో సహా రాడ్ సముద్రంలోకి పోతుంది. చేతిలోకి తీసుకున్నాక రెండు, రెండున్నర కిలోల దగ్గరికి బిగించుకోండి, 8 కిలోల దారానికి అంతకంటే ఎక్కువ వద్దు.

పండుగప్ప విషయం: తెరిచిన ఇసుక ఒడ్డున, చలిలో, ఆశ పెట్టుకోకండి. చల్లబడిన నీళ్లలో అది మందకొడిగా ఉంటుంది, ఉన్నా నది మొగల దగ్గర, డ్రెయిన్లు కలిసేచోట, భీమిలి వైపైతే గోస్తనీ కలిసేచోట. దాని కోసం ప్రాణమున్న కట్టిపరిగె పిల్లో, ప్రాణమున్న రొయ్యో కావాలి. ఒకే రోజు రెండు వేటలు పెట్టుకుంటే రెండూ పోతాయి.

పెద్ద చేప పడితే చివరి పది మీటర్లలోనే పోగొట్టుకుంటారు. అల వెనక్కి పోతున్నప్పుడు లాగొద్దు, ఆ నీటి బరువు చేపకి తోడవుతుంది, గాలం నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. ఆగండి. తర్వాతి అల ముందుకి తోస్తున్నప్పుడు రీలు తిప్పుతూ వెనక్కి నడవండి, చేపని అలే తెచ్చి ఇసుక మీద పెడుతుంది.

ముల్లుమందు సమాధానం:

జెల్లలు పడతాయంటున్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు. జెల్లకి వెన్ను మీద ఒకటి, రెండు పక్కలా రెండు, మొత్తం మూడు రంపపు ముళ్లు, విషం ఉంటుంది. ఒడ్డుకి రాగానే తడి గుడ్డ వేసి, గాలాన్ని కటింగ్ ప్లేయరుతో తీయండి, చేత్తో పట్టుకోవద్దు. ఇసుకలో వదిలేసి పోతే చెప్పుల్లేని పిల్లల కాళ్లకి గుచ్చుకుంటుంది. ఎండిన జెల్ల ముల్లు కూడా గుచ్చుకుంటే ఇబ్బందే.

గుచ్చుకుంటే ఫ్లాస్కులో వేడి నీళ్లు ఉండాలి. ఓర్చుకోగలిగినంత వేడి, సుమారు 45 డిగ్రీలు. గుచ్చుకోని చేతితో పరీక్షించి, గాయాన్ని 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. ఆ విషం ప్రోటీను, వేడికి చెడుతుంది, నొప్పి తగ్గుతుంది. ఐసు పెట్టొద్దు. ముల్లు ముక్క లోపల ఉండిపోతే, లేదా గాయం ఛాతీ, పొట్ట మీదైతే పీకకుండా ఆసుపత్రికి పోవాలి. టెటనస్ ఇంజెక్షను ఎలాగూ తీసుకోవాలి. టేకు ముల్లుకి కూడా ఇదే. నీళ్లలో నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ వెళ్తే టేకు ముందే తప్పుకుంటుంది. మోకాలి లోతు దాటి దిగాల్సిన పని ఈ వేటలో లేదు.

పొట్ట ఉబ్బించుకుని గుండ్రంగా తయారయ్యే చేప పడితే వదిలేయండి, తినకూడదు, వండినా దాని విషం పోదు. మూతి చప్పటగా గిటారులా ఉండేవి, రంపం మూతి ఉన్నవి పడితే దారం కోసి నీళ్లలోకి పంపేయండి. వాటిలో కొన్ని వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, ఏది ఏదో ఒడ్డు మీద తేల్చడం కష్టం.

రొయ్యలరేవు:

మర్చిపోయా. అలివి వల లాగుతున్న చోట గాలం వేయకండి. వల రెండు తాళ్లూ ఒడ్డెంట చాలా దూరం ఎడంగా ఉంటాయి, మధ్యలో ఖాళీగా కనబడుతుంది కానీ అంతా వాళ్ల చోటే. గాలం వలలో చిక్కితే చీల్చేది వాళ్ల కూడు. వల ఒడ్డుకొచ్చాక వెళ్లి "అన్నా, ఎరకి కాస్త చిన్న చేప ఇస్తారా" అని అడిగి డబ్బిచ్చి తీసుకోండి, అప్పటికప్పుడు పట్టిన ఎర కంటే మంచిది లేదు. ఆ రోజు ఏం పడుతోందో, ఎంత లోతులో పడుతోందో కూడా వాళ్ల బుట్ట చూస్తే తెలిసిపోతుంది.

చీకట్లో హెడ్‌లైటు నీళ్ల మీదకి కొట్టొద్దు, లోతు తక్కువ నీళ్లలో చేప చెదిరిపోతుంది. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, వాటికీ తెల్ల లైటు కుదరదు. ఎర్ర కాగితం అతికించుకోండి.

తంగూసుబండి:

బయల్దేరే ముందు రోజు హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల అలల సూచన చూడండి. హెచ్చరిక ఉంటే ఆ రోజు మానేయడమే. వచ్చాక రీలుని డ్రాగ్ బిగించి పెట్టి మంచినీళ్లు చిలకరించి కడగండి, పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ సడలించండి. టెలిస్కోపిక్ ముక్కలు మూసే ముందు ఒక్కోటీ తడిగుడ్డతో తుడవాలి. ఇసుక రేణువు ఒక్కటి లోపల ఉండిపోతే మళ్లీ సంక్రాంతికి అది తెరుచుకోదు.